మూలనున్న రెండోవాడు

“టీవీలో వచ్చింది మేడమ్,” అన్నాడు ఎస్సై, టీవీ తన సొంత మేనమామ అయినంత ధీమాగా.

ఇన్‌స్పెక్టర్ కేసు కాగితాల మీంచి తల ఎత్తలేదు. “ఫిర్యాదు ఎవరిచ్చారు?”

“ఒకరు ఇవ్వడమేమిటి మేడమ్? ఊరు ఊరంతా ఫోన్లలో చూసింది. పంపు ఆపరేటరు తాగునీళ్ళలో విషం పోస్తున్నాడని. నేనే సొంతంగా కేసు రాసేశాను.”

“నీళ్ళు పరీక్షకి పంపావా?”

“కేసు రాశాక పంపుదామనుకున్నా. ఈలోగా...”

“ఈలోగా ఆయన్ని కొట్టి చంపేశారు. ఊళ్ళో ఒక్కరికైనా కడుపునొప్పి వచ్చిందా?”

“రాలేదు మేడమ్. మనం ముందే కనిపెట్టేశాం కదా!”

ఆమె పెన్ను కింద పెట్టింది. గట్టిగా పెట్టలేదు. శాఖలో ఆమెకు ‘నిదానం’ అని పేరు. కోపం వచ్చినప్పుడు ఆ నిదానం ఇంకా పెరుగుతుందని ఎస్సైకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఆమెను పెద్దాఫీసు ఈ కేసు కోసమే ఇక్కడికి పంపి ఇంకా వారం కాలేదు.

“నిప్పు లేనిదే పొగ రాదంటారు మేడమ్,” అన్నాడతను, ఆ మౌనం తనకు అనుకూలమనుకుని.

“పొగ ఒక్కటే అమ్మే దుకాణాలు వచ్చాయయ్యా ఇప్పుడు. బయట బెంచీ మీద కూర్చున్న ఆయన్ని రమ్మను.”

టీవీ చానల్ సంపాదకుడు వచ్చి, కూర్చోమనకముందే కూర్చున్నాడు. “అడగండి మేడమ్. మేం ఆధారం లేకుండా వెయ్యం.”

“పంపు ఆపరేటరు వార్తకి ఆధారం?”

“పోలీసు కేసు ఉందిగా!”

“కేసు కంటే ముందే మీరు వేశారు.”

“అప్పటికే జనంలో ఉంది మేడమ్. లక్షల మంది చూస్తున్నదాన్ని వెయ్యకపోతే, మేం అమ్ముడుపోయామంటారు.”

“పంపుహౌసు మీ ఆఫీసుకి ఎంత దూరం?”

“నడిచి వెళ్ళొచ్చు.”

“వెళ్ళారా?”

సంపాదకుడు ఎస్సై వైపు చూశాడు. ఎస్సై కిటికీ వైపు చూశాడు. “నిజ నిర్ధారణ కేంద్రం కూడా ఆకుపచ్చ ముద్ర వేసింది కదండీ,” అన్నాడు సంపాదకుడు చివరికి. “నిజం అని. ప్రభుత్వం పెట్టిన కేంద్రమే నిజమంటే ఇంక మా బోటివాళ్ళం...”

“ఆ కేంద్రం దేన్ని చూసి ముద్ర వేసిందో తెలుసా? ఈయన రాసిన కేసుని చూసి. ఈయన మీ టీవీ చూశాడు. మీరు ఫోను చూశారు. అందరూ ఒకళ్ళ భుజం మీంచి ఒకళ్ళు చూశారు. కళ్ళతో చూసినవాడు ఒక్కడూ లేడు.” ఆమె కాగితం వెనక్కి తిప్పి పైకి చదివింది. “పదింటికి వీడియో పోస్టు. పదకొండుకి టీవీ. పదకొండున్నరకి కేసు. పన్నెండింటికి ముద్ర. ఒంటిగంటకి మనిషి లేడు. ఇంతమంది ఇన్ని పనులు చేశారే, వీటిలో ఒక్కటి ఆయన్ని అడగడం ఎందుకు కాలేదు?”

సంపాదకుడు వాచీ చూసుకున్నాడు.

“సాయంత్రంలోగా నివేదిక కావాలని పైనుంచి రెండుసార్లు ఫోను,” ఎస్సై మెల్లగా గుర్తు చేశాడు. “ముద్ర పడ్డదాన్ని కోర్టులో సాక్ష్యంగా తీసుకోవాలని రేపు సభలో బిల్లు పెడుతున్నారట. ఈ కేసే ఉదాహరణ. ‘ఆపరేటరు విషం కలిపాడు’ అని ఒక్క వాక్యం రాస్తే అయిపోతుంది మేడమ్. ఊరందరిదీ ఒక దారైతే మనమెందుకు...”

“ఉలిపికట్టెలా ఉండాలి అంటావు. ఉంటాను.” ఆమె టోపీ తీసుకుని లేచింది. ఆ ఒక్క వాక్యం ఆమె రాస్తే, పోయిన మనిషి ఎప్పటికీ ఊరికి విషం పెట్టినవాడే. రాయకపోతే ఎందుకో చెప్పాలి. చెప్పడానికి సాయంత్రం దాకా టైముంది.

పోయినాయన్ని ఊళ్ళో అందరూ ‘పంపు బాబాయి’ అనేవారు. ఏ వీధిలో నీళ్ళు సన్నగా వచ్చినా, “బాబాయ్, కాస్త చూడవా” అని గేటు దగ్గర నిలబడి పిలిచేవారు. అదే గేటు దగ్గర, అవే నోళ్ళు.

ఆయన భార్య పంపుహౌసు పక్కనున్న రెండు గదుల క్వార్టరులో ఉంటోంది. ఇన్‌స్పెక్టర్ వెళ్ళేసరికి వాకిట్లో కుర్చీ వేసి ఉంది. కుర్చీలో ఎవరూ లేరు. పక్కన నేల మీద ఆవిడ కూర్చుని ఉంది.

“ఆ రోజు ఏమని పిలిచారమ్మా ఆయన్ని?”

“‘బాబాయ్, మా వీధిలో నీళ్ళు రావట్లేదు, ఓసారి బయటికి రా’ అన్నారు. అన్నం ముందు కూర్చున్న మనిషి చెయ్యి కడుక్కుని, పానా పట్టుకుని వెళ్ళాడు.” ఆవిడ గొంతు తొణకలేదు. “చొక్కా మార్చుకోమన్నాను. పైపు పనే కదే అన్నాడు.”

ఇన్‌స్పెక్టర్ ఆవిడ పక్కనే నేల మీద కూర్చుంది. కొన్ని వాక్యాల తర్వాత మరో వాక్యం పెట్టకూడదని ఆమెకు తెలుసు.

తర్వాత తన ఫోనులో ఆ వీడియో తెరిచి ఆవిడకి చూపించింది. అరనిమిషం కూడా లేదు. ట్యాంకు కప్పు మీద వంగి, మూత తీసిన కంతలోకి బకెట్‌తో పచ్చటి ద్రవం పోస్తున్న మనిషి. పైనుంచి తీసింది. నడినెత్తిన జుట్టు పలచబడిన చోటు కూడా కనిపిస్తోంది. ఎడమ మూల గోధుమరంగులో మసకగా ఓ గుండ్రటి ఆకారం. దాని చుట్టూ ఎవరో ఎర్రగా సున్నా చుట్టి, ‘ఈ రెండోవాడెవడు?’ అని రాశారు. ఆ ప్రశ్న పుట్టిన దగ్గర్నుంచి ఊళ్ళో గోధుమరంగు టోపీ ఉన్నవాళ్ళంతా టోపీల్ని అటకెక్కించారు. దర్జీ ఒకడు తలపాగా కింద బట్టతలే గానీ టోపీ లేదని రుజువు చేసుకోడానికి నాలుగు రోడ్ల కూడలిలో తలపాగా విప్పాల్సి వచ్చింది.

“ఇది రంగునీళ్ళమ్మా,” అంది ఆవిడ. “చిన్న ట్యాంకు ఎక్కడో కారుతోందని, ఎక్కడా అని చూడ్డానికి పోశాడు. పోసేముందు ఊరికి పెద్ద ట్యాంకు నీళ్ళు వదిలి, దీన్నుంచి ఊళ్ళోకి వెళ్ళే వాల్వు కట్టేసి, చక్రానికి గొలుసు చుట్టి తాళం వేశాడు. పొరపాటున ఎవరైనా తిప్పుతారేమోనని. రండి, చూపిస్తాను.”

గొలుసు అలాగే ఉంది. తాళమూ అలాగే ఉంది. పోలీసులు ఈ ట్యాంకు కంచె గేటుకి సీలు వేశారు గానీ, ఇన్‌స్పెక్టర్ దాన్ని తీసేదాకా ఎవరూ లోపలికి వచ్చి చూసినట్టు లేదు. తాళం మీద సాలీడు దారం పోసుకుంది. ఇన్‌స్పెక్టర్ ట్యాంకు చుట్టూ తిరిగింది. ఉత్తరం వైపు గోడ అడుగున, సన్నటి పగులు పొడుగునా పచ్చటి చార. ముందు నాచనుకుంది. గోటితో గీకితే పొడిగా రాలింది. రంగు. చచ్చిపోయినాయన వెతికింది సరిగ్గా దొరికింది. రంగు పోశాక చూసుకునే టైమే ఊరు ఆయనకి ఇవ్వలేదు.

“విషం పోసేవాడు వాల్వు ఊళ్ళోకి తెరుస్తాడు గానీ గొలుసేసి కడతాడా?” ఆమె తనలో తను అనుకుంటున్నట్టే అంది. ఎస్సైని ఇక్కడ నిలబెట్టి ఆ మాట వినిపించాలనిపించింది.

అప్పుడు తల ఎత్తి ఆకాశం వైపు చూసింది.

వీడియో తీసినవాడు ఎక్కడ నిలబడ్డాడు? ట్యాంకుకి అటువైపు చెట్టు లేదు, మేడ లేదు. కంచె దాటితే గొయ్యి. నడినెత్తి కనిపించేలా తియ్యాలంటే గాలిలో నిలబడి తియ్యాలి. గాలిలో నిలబడింది ఒక్కటే, పొడుగాటి స్తంభం. దాని కొసన నిఘా కెమెరా.

“నిచ్చెన ఉందా అమ్మా?”

“ఉంది. కానీ మూడో మెట్టు ఊడిపోయింది. నేను పట్టుకుంటా. ఆయన ఎక్కేటప్పుడు కూడా నేనే పట్టుకునేదాన్ని.”

మూడో మెట్టు దాటుకుని ఇన్‌స్పెక్టర్ పైకెక్కింది. కెమెరా అద్దానికి ఎండ తగలకుండా రేకు టోపీ ఉంది. ఆ రేకు అంచున, అద్దానికి ఎడమ పక్కగా, కుమ్మరి పురుగు మట్టితో గుండ్రంగా గూడు కట్టుకుంది. గోధుమరంగు. రెండు వేళ్ళ మందం.

నిచ్చెన మీద నిలబడే ఆమెకు నవ్వొచ్చింది. వెంటనే ఆ నవ్వు మీద అసహ్యం వేసింది. ఊరు ఊరంతా వెతుకుతున్న రెండోవాడు, దర్జీ తలపాగా విప్పించిన రెండోవాడు, ఓ పురుగు కట్టుకున్న గూడు.

ఫొటోలు తీసుకుని, చాకుతో గూడు ఊడదీసి, కాగితంలో పొట్లం కట్టింది. కింద నిచ్చెన పట్టుకున్న ఆవిడ ముఖం పైకెత్తి చూస్తోంది.

“జాగ్రత్తమ్మా, దిగేటప్పుడు మూడోది!”

అది పైనుంచి లెక్కో కింద నుంచి లెక్కో అడగలేదు ఇన్‌స్పెక్టర్. కాలు ఆ ఖాళీలోకే పడింది. మోకాలు గీరుకుంది. ఆవిడ పరిగెత్తి వెళ్ళి పసుపు తెచ్చింది. తన మనిషి సంగతి తొణక్కుండా చెప్పినావిడ కంగారుపడడం అప్పుడే చూసింది ఇన్‌స్పెక్టర్, పరాయి మనిషి మోకాలి కోసం.

స్తంభం మీంచి దిగిన తీగ ఎక్కడికి పోతుందో నీటి శాఖలో అడిగితే చెప్పారు. ఊళ్ళోని ప్రభుత్వ కెమెరాలన్నీ ఒకే గదికి పోతాయి. ఆ గది నిజ నిర్ధారణ కేంద్రంలో ఉంది.

కేంద్రంలో ముద్ర వేసిన అమ్మాయి చదువుకున్న పిల్ల. కళ్ళ కింద నలుపు. వరసగా కంప్యూటర్లున్న హాల్లో, ఒకరి వీపు ఒకరికి తగిలేంత దగ్గరగా కూర్చుని పని చేస్తుంది. ఇన్‌స్పెక్టర్ ఆమెను మెట్ల దగ్గరికి తీసుకొచ్చింది.

“ఏమ్మా, ఆ పోస్టు నిజమని ఎలా తేల్చావు?”

“అధికారిక ఆధారం ఒకటుంటే నిజం కింద లెక్క మేడమ్. పోలీసు కేసు కనిపించింది. వేసేశాను.”

“పంపుహౌసుకి ఒక్క ఫోను చేసి ఉంటే?”

“మేం ఎవరికీ ఫోను చెయ్యకూడదు మేడమ్. మనుషులతో మాట్లాడితే పక్షపాతం వస్తుందంటారు.” హాలు వైపు చెయ్యి చూపించింది. “నా బల్ల మీద ఫోనే లేదు.”

నిజం తేల్చే ఇల్లు కట్టి, మనిషి గొంతు లోపలికి రాకుండా తలుపులు బిగించారు. “ఇంకేమైనా చెప్పాలా నువ్వు? చెప్పాలన్నట్టే నిలబడ్డావు.”

అమ్మాయి మెట్ల పైకి చూసింది, కిందికి చూసింది. “మాకు నెలకోసారి పరీక్ష ఉంటుంది మేడమ్. డైరెక్టరుగారు ఎవరికీ చెప్పకుండా తనే ఓ అబద్ధపు పోస్టు బయటికి వదులుతారు. మేం పట్టుకుంటామా లేదా అని. పోయిన నెల, గ్రంథాలయం గడియారం దొంగలెత్తుకుపోయారని పెట్టారు. నేనే పట్టుకున్నాను. చప్పట్లు కొట్టించారు. నెలాఖరున అందర్నీ కూర్చోబెట్టి, ఇదిగో ఇదీ అబద్ధం అని జవాబు చెబుతారు.”

“ఈ నెల?”

“చెప్పలేదు. ఈసారి పరీక్ష పెట్టలేదన్నారు.” మళ్ళీ మెట్ల పైకి చూసింది. “మానినవారు కాదు మేడమ్ ఎప్పుడూ. ఒక్క నెల కూడా.”

“ఇది ఇంకెవరికైనా చెప్పావా?”

“ఎవరికి చెప్పను? ఆ ముద్ర వేసింది నేనే కదా.” ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే తేలికయ్యేది.

డైరెక్టరు గది తలుపు తీసేసరికి ఆయన ఫోనులో ఉన్నాడు. “ఆ రెండో సంగతి కూడా కానిచ్చెయ్యి. మళ్ళీ నన్నడగకు,” అని పెట్టేసి, నిండుగా నవ్వాడు. మర్యాదస్థుడు. లేచి నిలబడి కుర్చీ చూపించాడు.

“రండమ్మా. నివేదిక తెచ్చారా?”

“మనిషిని తెచ్చాను. మీరంతా వెతుకుతున్న రెండోవాణ్ణి.” ఆమె పొట్లం విప్పి బల్ల మీద పెట్టింది.

“ఇదేమిటి, మట్టిబెడ్డ?”

“పురుగు గూడు. పంపుహౌసు స్తంభం మీద కెమెరాకి ఎడమ మూల ఉంది. వీడియోలోనూ ఎడమ మూలే ఉంది. అంటే ఆ వీడియో ఏ ఫోనూ తియ్యలేదు. మీ కెమెరా తీసింది. కింద తేదీ ఉండే పట్టీ కత్తిరించారు. పాపం, పురుగుని మాత్రం మర్చిపోయారు.”

ఆయన నవ్వు చెదరలేదు. “ఆ కెమెరా వానల్లోనే చచ్చిపోయిందమ్మా. బాగు చేయించమని రాస్తూనే ఉన్నాం. పురుగులు గూళ్ళు కట్టుకుంటున్నాయంటే మీకే తెలియాలి, ఎంతకాలంగా ఎవరూ ముట్టుకోలేదో. పోలీసు శాఖ ఇప్పుడు పురుగుల మీద కూడా పరిశోధన చేస్తోందన్నమాట!”

“మనుషుల మీద మీరు చేస్తున్నారు కదండీ. ఈ నెల పరీక్షకి జవాబు చెప్పలేదట?”

“ఎవరు చెప్పారు మీకు?”

“పరీక్షా, ఏ పరీక్షా అని అడుగుతారనుకున్నాను. గుమ్మడికాయల దొంగెవరంటే మీరు తిన్నగా భుజం తడుముకున్నారు.”

ఆయన ముఖంలో నవ్వు అప్పుడు పోయింది. కోపం రాలేదు. అలసట లాంటిదేదో వచ్చింది. కుర్చీలో వెనక్కి వాలాడు.

“మాటవరసకి అనుకుందాం. ఒకడు తన వాళ్ళని పరీక్షించడానికి ఓ వీడియో వదిలాడు. గంటలో అబద్ధమని పట్టుకుంటారనుకున్నాడు. ఈలోగా టీవీవాడు ఎత్తుకున్నాడు, మీ ఎస్సై కేసు రాశాడు. నా పిల్ల ఆ కేసు చూసి నిజమంది. ఇందులో నేరం ఎవరిది? అందరిదీ. అందరిదీ అంటే ఎవరిదీ కాదు.”

“ముద్ర పడ్డాక గంట ఉంది. ఇది అబద్ధం, నేనే వదిలాను అని ఒక్క మాట చెబితే ఆయన అన్నం తినేవాడు.”

“చెబితే కేంద్రం ఏమయ్యేది?” ఆయన ముందుకి వంగాడు. “ఈ రోజుల్లో కోర్టు తీర్పు వినేవాడు లేడు. పేపరు చదివేవాడు లేడు. మిగిలింది ఈ ఒక్క ముద్ర. అది తప్పని ఒక్కసారి ఒప్పుకుంటే రేపట్నుంచి ఎవడూ దేన్నీ నమ్మడు. ఓ పంపు ఆపరేటరు పేరు కోసం జనం నమ్మకాన్ని కూల్చమంటారా?”

ఇన్‌స్పెక్టర్ లేచి నిలబడింది. ఆమె మాటలు మరీ మెల్లగా వచ్చాయి.

“జనం నమ్మారండీ. నమ్మబట్టే చంపారు. మీ ముద్ర చూసి, ప్రభుత్వమే చెప్పింది కదా అని, రోజూ బాబాయ్ అని పిలిచే మనిషిని గేటు బయటికి పిలిచి చంపారు. పిల్లికి చెలగాటం అంటారు చూశారా, అదీ ఇది. ఒక్క మనిషి పేరు నిలబెట్టలేని నమ్మకాన్ని మీరు చట్టం చెయ్యబోతున్నారు. రేపు కోర్టులో న్యాయమూర్తి కూడా ఆ గొలుసు చూడక్కర్లేదు, ఆ పగులు చూడక్కర్లేదు. ఆకుపచ్చ రంగు చూస్తే చాలు. ఆయన పోసింది కూడా పచ్చరంగే. అది ఎక్కడ కారుతోందో చూపించింది. మీది దాచిపెట్టింది.”

“మాటలు బాగున్నాయి,” అన్నాడాయన. “రుజువేది? చచ్చిన కెమెరా, ఎండిన మట్టి. ఇవి పట్టుకుని సాయంత్రంలోగా ఏం రాస్తారు?”

ఆమె మనసులో లెక్క వేసుకుంది. ఆ పిల్ల సాక్ష్యం చెబితే ఉద్యోగం పోతుంది. కెమెరా రికార్డులు ఈ గోడల వెనకే ఉన్నాయి. సోదాకి అనుమతి వచ్చేసరికి అవి ఉండవు.

బల్ల మీద ఆమె ఫోను బర్రుమంది. ఎస్సై పంపిన పోస్టు. కింద ఒక ముక్క రాశాడు, ‘మేడమ్, ఇది చూశారా? రెండో మనిషి దొరికింది.’

ఆమె తెరిచింది.

పైనుంచి తీసిన వీడియో. స్తంభం మొదట్లో ఓ ఆడమనిషి రెండు చేతులా నిచ్చెన పట్టుకుని, ముఖం పైకెత్తి చూస్తోంది. పంపు బాబాయి భార్య. నిచ్చెన పైభాగం, దానిమీద ఉన్న ఖాకీ కాలు లేకుండా కత్తిరించారు. ‘రెండోవాడు కాదు, రెండోది. ఆధారాలు మాయం చేస్తూ దొరికిపోయిన భార్య.’ కింద క్వార్టరు గుర్తులు. పక్కన ఆకుపచ్చగా, తడి ఆరనట్టు మెరుస్తూ, ముద్ర. నిజం. అప్పటికే వేలమంది పంచుకున్నారు.

‘ఆ రెండో సంగతి కూడా కానిచ్చెయ్యి.’

ఆమె కళ్ళు వీడియో ఎడమ మూలకి వెళ్ళాయి. మూల శుభ్రంగా ఉంది. సున్నా చుట్టడానికి అక్కడేమీ లేదు.

గూడు బల్ల మీద ఉంది.

ఫోను తిప్పి ఆయన ముందు పెట్టింది. “వానల్లో చచ్చిపోయిన కెమెరా, నేను దీన్ని ఊడదీశాక, ఇవాళే మమ్మల్ని చూసింది. రుజువు అడిగారు. మీరే పంపించారు.”

ఆయన వీడియో వైపు చూశాడు. మట్టిబెడ్డ వైపు చూశాడు. ఆ ముఖాన్ని ఇంకాసేపు చూడాలని ఆమెకుంది. కానీ చూడలేదు. ఆయన్ని ఇరికించిన రుజువే ఇప్పుడు వీధుల్లో పరిగెత్తుతూ ఆ రెండు గదుల ఇంటివైపు వెళుతోంది.

తనతో వచ్చి తలుపు బయట నిలబడ్డ కానిస్టేబుల్‌ని లోపలికి పిలిచింది. “ఈయన్ని కదలనివ్వకు. ఇక్కడ ఒక్క స్విచ్చి ముట్టుకోనివ్వకు.” మెట్లు దిగుతూనే స్టేషన్‌కి ఫోను చేసి, ఉన్నవాళ్ళందరినీ పంపుహౌసుకి పరిగెత్తమంది. ఆ తర్వాత క్వార్టరు నంబరు కలిపింది.

మోగింది. మోగుతూనే ఉంది. జీపు తలుపు తీస్తుండగా అవతల ఎత్తారు.

“అమ్మా, తలుపు గడియ పెట్టుకోండి. ఎవరు పిలిచినా...”

“పిలుస్తున్నారమ్మా,” అంది ఆవిడ. ఆ గొంతు పొద్దున్నలాగే తొణకలేదు. వెనక గేటు ఊచల చప్పుడు, మీద మీద చాలా గొంతులు. “‘పిన్నీ, మా వీధిలో నీళ్ళు రావట్లేదు, ఓసారి బయటికి రా’ అంటున్నారు.”

గేటు ఊచలు మళ్ళీ గణగణలాడాయి.

“ఇప్పుడే వంటింట్లో కొళాయి తిప్పి చూశానమ్మా. నీళ్ళు వస్తున్నాయి.”